పందెపుబాట మన సీమకు

మోటారుసైకిలు పందెము లనఁగానే తల్లులు చెవులు మూసికొందురని మే మెఱుఁగుదుము. అయినను ఈ మాసము ఆ ముచ్చటయే చెప్పఁదలఁచితిమి.

మనదేశమున నీ క్రీడ చిరకాలముగ చెన్నపట్టణమునే యాశ్రయించుకొని యున్నది. యుద్ధకాలపు విమానములబాట యగు షోలవరమున పెరిగి, 1990 ప్రాంతమున ఇరుంగాట్టుకోట్టైకి చేరినది. కోయంబత్తూరున మఱియొక బాట గలదు. 2011లో ఢిల్లీచెంత గ్రేటర్ నోయిడాలో 5.125 కిలోమీటర్ల బాట వెలసెను; 2023 సెప్టెంబరులో ప్రపంచపు మేటి పందెగాం డ్రచ్చట పరుగిడిరి. అయినను జాతీయ పందెము లధికముగ తమిళదేశముననే జరుగుచున్నవి. ఔత్సాహికురాలగు కర్నూలు పిల్ల బండిని లారీ కెక్కించి యచ్చటికిఁ జేరులోపలనే చేతిసొమ్ము కరఁగిపోవును. తోలుదుస్తులు, హెల్మెట్టు, టైర్లు - వీని వెల వేఱు.

ఆఁడువారికిది తగదందురా? బెంగుళూరు వనిత ఐశ్వర్యా పిస్సే 2019లో అంతర్జాతీయ బాజా పోటీలయందు స్త్రీల ప్రపంచ బిరుదమును గెలుచుకొనెను.

హైదరాబాదున 2023 ఫిబ్రవరిలో విద్యుత్కార్ల పందెమునకై హుస్సేనుసాగరపుటొడ్డు వీథులే బాట లయ్యెను. మఱుసటియేఁటి పందెము రద్దయ్యెను. ఇట్టి వైభవములు మన కక్కఱలేదు. క్రొత్తసీమలకు పందెములఁ దెచ్చువారు మొదట అంబులెన్సును, వైద్యుని, నేర్పెడు గురువును దేవలయును. ఆరంభమునకు చదునుచేసిన మట్టినేల చాలును. కుఱ్ఱవాండ్రు రాత్రివేళల రాజమార్గములపై పందెములాడి ప్రాణములు గోల్పోవుచుండఁగా, వలదనుటతోనే తల్లుల పని తీఱునా?

సోదరీమణులలో నెవ్వరి కుమార్తెలైన నీ క్రీడ నేర్చుచున్నచో వ్యయప్రయాసములు వ్రాసి పంపుఁడు, ప్రకటింతుము.