స్వేచ్ఛా సాఫ్టువేరు - వర్తకుల ఋణము

స్వేచ్ఛా సాఫ్టువేరును వెలకమ్ముట దోషమని కొందఱు మిత్రులు వాదించుచున్నారు. ఆ వాదము నాకు సమ్మతము గాదు. 1991లో వెలువడిన గ్నూ సార్వజనిక లైసెన్సు రెండవ కూర్పు వర్తకుని లాభమును నిషేధింపలేదు. అది కోరినది వేఱు. ప్రోగ్రాము నిచ్చువాఁడు దాని మూలరచనను గూడ నీయవలయును. లేదా, అడిగినవారికి నకలుఖర్చు మాత్రము గొని యిత్తునని, కనీసము మూఁడేండ్లు చెల్లునట్లు, వ్రాఁతమూలముగా మాట యీయవలయును. లైసెన్సు ప్రతియుఁ దోడుండవలయును.

ఇంత చౌకబేరమునందును ఎగవేఁతయే! మా సాలూరు ప్రాంతపు బడికొక వర్తకుఁడు లైనక్సు నింపిన కంప్యూటర్లు దెచ్చి యమ్మెను. లైనక్సు ఆ లైసెన్సు క్రిందిదే. పెట్టెలో రసీదు గలదు, వారంటీ కాగితము గలదు, లైసెన్సు లేదు. మూలమడుగఁగా "అది కంపెనీ రహస్య" మనెను. పరులు లోకమునకిచ్చిన సొత్తు ఇతనికి రహస్యమగుట యెట్లు? "మీకదెందులకు, మాస్టారూ?" అని నవ్వెను గూడ. ఎందులకా? మా కొండపిల్లలు కువి మాటలాడుదురు. తెరమీఁది మాటలను వారి భాషలోనికి మార్చుటకు మూలము గావలయును.

తిరుమల కృష్ణదేశికాచార్యులుగారు పోతన2000, వేమన2000 అను తెలుఁగు ఫాంట్లను గ్నూ లైసెన్సుతోనే యొసఁగిరి. వానిని సీడీలో నింపి యమ్మువాఁడు కర్తపేరును, లైసెన్సును చెఱిపివేసినచో దానిని వ్యాపారమందుమా? సత్రపు బియ్యపుబస్తాపైఁ దన ముద్ర వేసికొనుట యందుమా?

ఇవి కోర్టుకెక్కు మాటలా యని పరిహసించువారు గలరు. ఎక్కినవి. 2004లో మ్యూనిక్ న్యాయస్థానము, హెరాల్డ్ వెల్టె వేసిన వ్యాజ్యమున, నియమములు పాటింపక సరకమ్మరాదని సైట్‌కామ్ సంస్థ నాజ్ఞాపించెను. మన బడులకుఁ గొనువా రంతదూర మేఁగనక్కఱలేదు. మూలమును లైసెన్సును ముట్టిన పిమ్మటనే బిల్లు చెల్లునని టెండరు కాగితమునందొక్క పంక్తి వ్రాయుదురుగాక.