ముందే అడగాల్సిన ప్రశ్న

అమెరికా పౌరసత్వం తీసుకున్న మన సంఘం సభ్యుల ఇంటికి ఏదో ఒక రోజు జ్యూరీ సమన్లు వస్తాయి. రాగానే ఎక్కువమంది వెతికేది దాన్ని తప్పించుకునే దారి. ఉద్యోగం, పిల్లలు, పార్కింగ్ తిప్పలు ఉంటాయి కాబట్టి ఆ విసుగును అర్థం చేసుకోవచ్చు. కానీ ఆ కోర్టు హాల్లో జ్యూరీని ఎంచేముందు జరిగే తంతును ఒకసారి శ్రద్ధగా గమనించాలి. నిందితుణ్ణి ఎరుగుదురా? ఈ కేసు గురించి ఏమైనా చదివారా? మామూలు మనిషి మాట కన్నా పోలీసు మాటను ఎక్కువ నమ్ముతారా? నిందితుడు నోరు విప్పకపోతే తప్పు చేశాడనుకుంటారా? సాక్ష్యం మొదలు కాకముందే ఈ ప్రశ్నలన్నీ అందరి ఎదుటా అడిగి, జవాబులు రికార్డు చేస్తారు. ఈ కేసు ఇక్కడ, వీళ్ల ముందు న్యాయంగా నడుస్తుందా అన్న సందేహాన్ని మొదట్లోనే బయటపెట్టే ఇలాంటి ఘట్టం మన రాయలసీమలోని కడప, కర్నూలు కోర్టుల్లో లేదు. ఉండాలని మా వాదన.

ఒకప్పుడు మనకూ ఉండేది. 1898 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ ప్రకారం జ్యూరర్లను చీటీ తీసి ఎంచేవారు. ఒక్కొక్కరి పేరు పిలిచినప్పుడు ఫలానా వాడు వద్దని అభ్యంతరం చెప్పే హక్కు నిందితుడికి ఉండేది. పక్షపాతం ఉందనో, సాక్ష్యం చెప్పే భాష రాదనో, పోలీసు పని చేస్తున్నాడనో అభ్యంతరం చెప్పవచ్చు. వ్రతం పట్టి లోక వ్యవహారాలు వదిలేసినవాడు కూడా జ్యూరీకి పనికిరాడని చట్టంలో రాసి ఉండేది. మన సన్యాసుల గురించి దొరలు అంత దూరం ఆలోచించారు! అయితే జ్యూరీ కొన్ని జిల్లాలకూ, కొన్ని నేరాలకూ మాత్రమే పరిమితం. మిగతా చోట్ల జడ్జి పక్కన అసెసర్లు కూర్చునేవారు, వాళ్ల అభిప్రాయానికి జడ్జి కట్టుబడనక్కర్లేదు. 1955 సవరణతో అసెసర్లు పోయారు. జ్యూరీని ఎత్తెయ్యాలని 1958లో లా కమిషన్ చెప్పింది. మరుసటి ఏడాది బొంబాయిలో నానావతి కేసులో జ్యూరీ 8–1తో నిర్దోషి అనడం, జడ్జి ఒప్పుకోక కేసును హైకోర్టుకు పంపడం జనం నోళ్లలో నానాయి. 1974 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చిన కొత్త కోడ్‌లో జ్యూరీకి చోటు లేదు. జ్యూరీ పోయినందుకు చింతించాల్సింది పెద్దగా లేదు. పోకూడనిది పోయింది, పక్షపాతం గురించి మొదటి రోజే అడిగే ఆ ఘట్టం.

జడ్జి చదువుకున్నవాడు, బదిలీల మీద వచ్చిన బయటివాడు, ఆయన్ను ఇంకేం అడుగుతాం అంటారు. నిజమే, సీమ కేసుల్లో చిక్కు చాలావరకు జడ్జి మనసులో ఉండదు, బోనెక్కే సాక్షి దగ్గర ఉంటుంది. ఊళ్లో రెండు వర్గాలుంటే హత్యను చూసినవాడు ఏదో ఒక వర్గం వాడో, వాళ్ల పొలానికి పక్క పొలం వాడో అయి ఉంటాడు. సమన్లు అందుకుని బస్సెక్కి కోర్టుకు వస్తాడు. వరండాలో కాచుక్కూర్చుంటే నిందితుల తరఫువాళ్లు పదిమంది అటూ ఇటూ తిరుగుతూ కనిపిస్తారు. ఈలోగా వాయిదా పడుతుంది. నాలుగు వాయిదాల తర్వాత బోనెక్కి, "నాకేం తెలీదు సార్, పోలీసులు ఏం రాసుకున్నారో నాకు తెలీదు" అంటాడు. పోలీసుల ముందు ఇచ్చిన వాంగ్మూలం మీద సంతకం ఉండదు, ఉండకూడదని చట్టమే చెబుతుంది. అది అతని మాటలోని తేడాను ఎత్తిచూపడానికే తప్ప సాక్ష్యంగా పనికిరాదు. పబ్లిక్ ప్రాసిక్యూటర్ (పీపీ) లేచి సాక్షి అడ్డం తిరిగాడని చెప్పి, కోర్టు అనుమతితో అతన్నే క్రాస్ ఎగ్జామిన్ చేస్తాడు. కేసు అక్కడికే సగం చచ్చిపోతుంది. ఆ వరండాలో ఏం జరిగిందో మాత్రం రికార్డుకెక్కదు.

మాజీ ఎంపీ వై.ఎస్. వివేకానందరెడ్డి హత్య కేసు ఈ లోటును దేశం ముందు పెట్టింది. 2019 మార్చి 15న పులివెందులలోని తన ఇంట్లో ఆయన శవమై కనిపించారు. 2020 మార్చిలో హైకోర్టు దర్యాప్తును సీబీఐకి అప్పగించింది. విచారణ ఆంధ్రప్రదేశ్‌లో న్యాయంగా జరగదన్న భయంతో ఆయన కూతురు సునీత, భార్య సుప్రీంకోర్టుకు వెళ్లారు. 2022 నవంబరు 29న జస్టిస్ ఎం.ఆర్. షా, జస్టిస్ ఎం.ఎం. సుంద్రేశ్‌ల ధర్మాసనం కేసును కడప నుంచి హైదరాబాద్ సీబీఐ కోర్టుకు మార్చింది. పిటిషనర్ల భయం ఉత్త ఊహ కాదని అంగీకరించింది. ఎవరు దోషి, ఎవరు కాదు అన్న చర్చ ఇక్కడ అనవసరం, అది కోర్టు తేల్చాలి. మేం చూస్తున్నది కాలం లెక్క. ఈ కేసు ఇక్కడ నడవవచ్చా అన్న ఒక్క ప్రశ్నకు జవాబు రావడానికి హత్య జరిగాక మూడేళ్ల ఎనిమిది నెలలు పట్టింది. అదీ ఢిల్లీ దాకా వెళ్లి లాయర్లను పెట్టుకోగలిగిన కుటుంబం కాబట్టి. పత్తికొండ దగ్గరో జమ్మలమడుగు దగ్గరో ఒక చిన్న రైతు భార్యకు ఇదే భయం ఉంటే ఆమె ఏ కోర్టు గడప ఎక్కుతుంది? పైగా బదిలీ సర్వరోగ నివారిణి కాదు. కడప నుంచి హైదరాబాద్ దాదాపు 400 కిలోమీటర్లు, సాక్షులందరూ అంత దూరం పోయి రావాలి. బదిలీ అయిన రెండేళ్ల తర్వాత కూడా తీర్పు రాలేదు.

అందుకే, అభియోగాలు ఖరారు చేసేనాడే సెషన్స్ జడ్జి బహిరంగంగా ఒక విచారణ జరపాలంటున్నాం. సాక్షులకు బెదిరింపులున్నాయా, పీపీకి ఏ పక్షంతోనైనా సంబంధం ఉందా, కేసు ఇక్కడ నడవడానికి అభ్యంతరం ఉందా అని రెండు పక్షాలనూ అడిగి, జవాబులను రికార్డు చేయాలి. బెదిరింపు వివరాలు మాత్రం సాక్షి జడ్జి చాంబర్‌లో చెప్పుకోవచ్చు. ఇప్పుడున్నది సాక్షుల రక్షణ పథకం. 2018 డిసెంబరులో మహేందర్ చావ్లా కేసులో సుప్రీంకోర్టు దాన్ని దేశమంతటికీ చట్టంగా వర్తింపజేసింది. జిల్లా జడ్జి అధ్యక్షతన కమిటీ ఉంటుంది, బెదిరింపు మీద పోలీసు అధికారి ఐదు పనిదినాల్లో నివేదిక ఇవ్వాలి. కాగితం మీద బాగానే ఉంది. కానీ సాక్షో, బంధువో, లాయరో, దర్యాప్తు అధికారో దరఖాస్తు పెడితేనే అది కదులుతుంది. ఫలానావాళ్లంటే నాకు భయమని కాగితం మీద రాసిచ్చి, సాయంత్రం అదే ఊరికి తిరిగి వెళ్లే ధైర్యం ఎంతమందికి ఉంటుంది? కోర్టే అందరినీ అడిగితే అడిగించుకున్నవాడి మీద ప్రత్యేకంగా కన్ను పడదు. జ్యూరీ హాల్లో ప్రశ్నలు ఒక్కరినే వేలెత్తి చూపకుండా వరుసగా అందరినీ అడగడంలో ఉన్న తెలివి ఇదే.

అడిగితే మాత్రం ఎవరు నిజం చెబుతారు అన్నది గట్టి అభ్యంతరం. అమెరికా అనుభవమే దీనికి సాక్ష్యంలా కనిపిస్తుంది. ఇండియానా రాష్ట్రంలో ఇర్విన్ అనే నిందితుడి కేసులో 430 మందిని పిలిస్తే, ముందే ఒక నిర్ణయానికి వచ్చేశారని 268 మందిని జడ్జి పంపించేశారు. చివరికి కూర్చున్న 12 మందిలో కూడా ఎనిమిది మంది అతను దోషేనని అనుకుంటున్నవాళ్లే, అయినా నిష్పక్షపాతంగా ఉంటామని మాటిచ్చారు. ఆ మాట తీసుకుని మరణశిక్ష వేశారు. కానీ 1961లో అమెరికా సుప్రీంకోర్టు ఆ శిక్షను కొట్టేయడానికి ఆధారమైంది ఆ ప్రశ్నలూ జవాబులే. మనుషులు నిజం దాచినా, దాచిన తీరు రికార్డులో మిగిలింది. అడ్డం తిరిగిన సాక్షి విషయంలో మన పైకోర్టుకు అలాంటి ఆధారం దొరకడం అరుదు.

ఇది సీమను అవమానించడమే, మా మనుషులంతా కత్తులు పట్టుకు తిరుగుతారా అని మనలోనే కొందరు నొచ్చుకుంటారు. సినిమాలు చేసిన పాపం కొంత ఉంది కాబట్టి ఆ బాధలో న్యాయముంది. కర్నూలు జిల్లాలో 2008లో కప్పట్రాళ్ల వెంకటప్పనాయుణ్ణీ అనుచరులనూ చంపిన కేసులో 2014లో శిక్షలు వేసింది ఆదోని కోర్టే. 21 మందికి యావజ్జీవం పడింది. స్థానిక కోర్టు చేతకానిది కాదనడానికి అదొక్కటి చాలు. బదిలీలూ సీమ సొత్తు కాదు. జయలలిత ఆస్తుల కేసు 2003లో చెన్నై నుంచి బెంగళూరుకు వెళ్లింది. బెస్ట్ బేకరీ కేసులో సాక్షులు అడ్డం తిరిగి నిందితులంతా విడుదలైతే, 2004లో సుప్రీంకోర్టు గుజరాత్ బయట మహారాష్ట్రలో మళ్లీ విచారణ జరపమంది. ముందే అడిగే పద్ధతి ఉంటే ఆదోనిలాంటి కోర్టు మీద అనుమానం పెట్టుకోవాల్సిన పనే ఉండదు. భయం లేదని తేలితే కేసు అక్కడే నడుస్తుంది, సాక్షులు 400 కిలోమీటర్లు పోనక్కర్లేదు.

నిందితులు దీన్ని సాగదీతకు వాడుకోరా అంటే, వాడుకుంటారు. వాయిదా దొరికే ఏ సందునూ మన లాయర్లు వదలరు. అందుకే ఒకే విచారణ, గడువు 30 రోజులు, కొత్త కారణం ఉంటే తప్ప మళ్లీ ఎత్తకూడదు అన్న షరతులు ఉండాలి. పార్లమెంటు దాకా పోవాల్సిన పని కూడా లేదు. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 398వ సెక్షన్, ప్రతి రాష్ట్రం సొంత సాక్షి రక్షణ పథకాన్ని ప్రకటించాలంటోంది. ఆంధ్రప్రదేశ్ పథకంలో ఈ ఒక్క విచారణను చేర్చమని కడప, కర్నూలు బార్ అసోసియేషన్లు అడగవచ్చు. మన సంఘంలో అమెరికా కోర్టుల్లో రోజూ జ్యూరీని ఎంచే లాయర్లున్నారు. ఆ ముసాయిదా రాయడంలో సాయపడడానికి వాళ్లు ముందుకు వస్తే, సంఘం తరఫున ఉత్తరం పంపడానికి మేం సిద్ధం.