పరుల కన్నులకై చేయు సేద్యము

నిరుడు పై యధికారులు వచ్చెదరని తెలిసి మేమొక తప్పు చేసితిమి. నమూనా మడికి, రైతులకు జెప్పిన దానికంటె రెండింతలు పెంటయెరువు తోలించితిమి. బాటప్రక్క వరుసలలో నొక్క కలుపుమొక్కయైన లేకుండ దీయించితిమి. అధికారులు మెచ్చుకొని వెడలిరి. పిదప నొక వృద్ధ రైతు గట్టుపై గూర్చుండి, "అయ్యా, ఈ మడికి ఎన్ని బండ్లు తోలించితిరో నిజము సెలవియ్యుడు" అని యడిగెను. దాచక చెప్పితిమి. ఆయన మమ్ము నిందింపలేదు. "అయితే మా చేను మరీ చెడ్డది కాదన్నమాట" అని లేచిపోయెను.

ఆ మాట మమ్ము చాల దినములు బాధించెను. మా మెప్పుకొరకు మేము చేసిన పని, నిజాయితీగా పండించుకొనువానికి తన చేనిపైననే రోత పుట్టించినది గదా!

ఊళ్లలో జరుగుచున్నదియు నిదియే. ఒకరు అప్పుచేసి మేడ గట్టుదురు. అంతవరకు పెంకుటింట సుఖముగా నిద్రించిన పొరుగువానికి ఆ రాత్రినుండి నిద్ర యుండదు. ఎరువులకని సంఘమునుండి దీసికొన్న సొమ్ము పెండ్లి ఊరేగింపున బాణసంచాయై కాలిపోవును. జామీనిచ్చినవాడు ఆ వెలుగును జూచుచు నిలుచుండును. పాపము, భోజనమునకు గూడ మొదటి బంతిలో వానిని పిలువరు!

దారిద్ర్యమును బొగడుట మా యభిమతము గాదు. ఆకలిగొన్నవానికి సంతృప్తిని బోధించుట క్రూరత్వము. మంచి యిల్లు, మంచి యెడ్లు, పిల్లలకు చదువు కావలసినవే. అవి మన యక్కరకు వచ్చినవా, ఎదురింటివాని కన్నులకై వచ్చినవా యనునదే మా ప్రశ్న.

జర్మనీ దేశమున రైఫైజెన్ అను నాయన 1864లో హెడ్డెస్‌డార్ఫు గ్రామమున ఋణసంఘమును నెలకొల్పెను. అట్టి సంఘములలో నొకని బాకీకి అందరును బాధ్యులు. కావున ఒకరినొకరు బాగుగా నెరిగినవారే సభ్యులు కాదగియుండిరి. ఆస్తికంటె నడవడికి విలువ హెచ్చు. మన దేశమున 1904 నాటి సహకార చట్టము గ్రామసంఘములకు సామాన్యముగా నాపద్ధతినే విధించెను. తన యున్నస్థితిని మరుగుపరచి లేని గొప్పను జూపువాడు తనను మాత్రమే మోసగించుకొనుటలేదు; తన్ను నమ్మి సంతకము చేసిన పొరుగువానిని గూడ మోసగించుచున్నాడు.

ఈ యేడు నమూనా మడిలో జీలుగ చల్లి, పూతకు రాగానే కలియదున్నించి, రైతులకు జెప్పినంత యెరువే వేసితిమి. ఖర్చులన్నియు పలకపై వ్రాసి గట్టున నిలిపితిమి. పంట నిరుటికంటె తక్కువ. ఒక మూల తుంగయు మొలచినది, దానిని దాచలేదు. చూడవచ్చినవారిలో మెచ్చినవారు కొద్దిమంది. మాకు మాత్రము ఆ గట్టుపై నిలుచుండుట యింత తేలికగా నెన్నడును లేకుండెను.

ఆ వృద్ధుడు మరల వచ్చెను. ఈ మారు బండ్ల లెక్క యడుగలేదు. జీలుగ విత్తనములు రెండు మానికలు కావలెననెను.