నిత్యసాహసము, నిండు జీవితము

పల్నాటి సీమలో పుట్టినవారికి సాహసమను మాట చెవిని బడగానే కారెంపూడి రణరంగము కనులకు గట్టును. మన గురజాల నలగామరాజునకు రాజధాని; మాచెర్ల మలిదేవరాజునకు నెలవు. ఆ దాయాదుల పోరు ముగిసి యెనిమిది వందల యేండ్లు గడచినను, నేటికిని కార్తీకమాసమున కారెంపూడిలో వీరుల కొణతములకు పూజలు జరుగుచునే యున్నవి. వీరవిద్యావంతులు పాడు కథలను విని పెరిగిన మనకు, సాహసమన్నచో ప్రాణములొడ్డి పోరాడుటయే యను తలంపు కలుగుట సహజము. ఆ తలంపు తప్పని నేననను. అది చాలదని మాత్రము చెప్పదలచితిని.

యుద్ధము జీవితమున నెప్పుడో యొకనాడు వచ్చును. అనేకుల కసలే రాదు. తెల్లవారుట మాత్రము ప్రతిదినమును గలదు. ఆ దినమును నిన్నటివలెనే యూరక గడపుటయా, లేక దానిలో క్రొత్తదాని నొకదానిని చూచి, నేర్చి, చేసి, ఆ దినమును తనదిగా జేసికొనుటయా యను ప్రశ్న ప్రతి మనుష్యునకును ప్రతి యుదయమున నెదురగుచున్నది. పాట కట్టువాడు, బొమ్మ గీయువాడు, పద్యము వ్రాయువాడు, మట్టిని కుండగా మలచువాడు, వీరెల్లరును రెండవ దారి నెన్నుకొన్నవారు. వారి సాహసమునకు భేరీనాదములు లేవు. చూచి మెచ్చు సేనలును లేవు. అయినను నిండు జీవితమునకు దారి యదియే యని నా నమ్మకము.

“కళ కూడు పెట్టునా?” యని మన యిండ్లలో పెద్దలడుగుదురు. ఈ ప్రశ్నను తేలికగా త్రోసివేయరాదు. వానను నమ్మి మిరపయు ప్రత్తియు వేసి, పంట చేతికి వచ్చునప్పటికి ధర పడిపోయిన యింటిలో, అప్పు తీర్చుటయే మొదటి చింతగా నున్నచోట, తండ్రి యా మాట యనుటలో కాఠిన్యము కంటె భయమే యెక్కువ. ఆ భయమునకు నీతివాక్యములు మందు కావు. కంటికి గనబడు నొక జీవితము కావలెను. అట్టి జీవితము మనకు దూరమున లేదు. 2022లో ఏర్పడిన మన పల్నాడు జిల్లాలోని వినుకొండయే దానికి పుట్టినిల్లు.

గుఱ్ఱము జాషువగారు 1895వ సంవత్సరము సెప్టెంబరు 28వ తేదీన వినుకొండలో జన్మించిరి. తండ్రి వీరయ్యగారు యాదవులు. తల్లి లింగమ్మగారు మాదిగ కులమువారు. ఇంటి మతము క్రైస్తవము. ఈ మూడు సంగతులును గలసి యా కాలమున నొక బాలుని యెదుట నెన్ని తలుపులు మూయగలవో యన్నియు మూసినవి. అయినను ఆ బాలుడు బొమ్మలు గీసెడివాడు, పాటలు పాడెడివాడు. పెద్దవాడై జూపూడి హనుమచ్ఛాస్త్రిగారి యొద్ద మేఘసందేశమును, రఘువంశమును, కుమారసంభవమును నేర్చెను. కులమే కొలమానమైన యా దినములలో కాళిదాసును చెప్పిన గురువును, చెప్పించుకొన్న శిష్యుడును, ఇరువురును సాహసమే చేసిరని చెప్పవలెను. ఇట్టి సాహసమునకు కత్తి యక్కఱలేదు. ఒక పుస్తకమును, ఇద్దఱు మనుష్యులును చాలును.

ఇక వారి కొలువులను చూడుడు. మొదట మిషను పాఠశాలలో నెలకు మూడు రూపాయల జీతము. ఆ యుద్యోగము పోగా రాజమహేంద్రవరము చేరి 1915, 1916 సంవత్సరములలో సినిమా వాచకులుగా పనిచేసిరి. ఈ యుద్యోగమెట్టిదో నేటి విద్యార్థులకు తెలియదు. ఆనాటి చలనచిత్రములకు నోరు లేదు. తెరపై బొమ్మలు కదలుచుండగా, వాచకుడు కథను, పాత్రల సంభాషణలను ప్రేక్షకులకు చదివి వినిపింపవలెను. బొమ్మ తనకొఱకు నిలువదు. మాట వెనుకబడినచో కథ చెడును. కూటికొఱకు చేసిన కొలువే యది. కాని, మూగబొమ్మకు మాటనిచ్చు నేర్పును, జనసమూహము నెదుట గొంతు నిలుపుకొను ధైర్యమును ఆ కొలువు వారికి కొంత నేర్పియుండునని యూహింపవచ్చును. తరువాతి కాలమున నోరులేని జనులకు నోరైన కవి, తొలుత నోరులేని బొమ్మలకు నోరగుట నాకు మిక్కిలి యర్థవంతముగా దోచుచున్నది.

పిమ్మట గుంటూరులో లూథరను సంఘమువారి యుపాధ్యాయ శిక్షణాలయమున పదేండ్లు బోధించిరి. 1928 మొదలు 1942 వరకు గుంటూరులోనే భాషాపండితులుగా నుండిరి. రెండవ ప్రపంచయుద్ధకాలమున యుద్ధప్రచారకులైరి. 1957 మొదలు 1959 వరకు మద్రాసు రేడియో కేంద్రమున కార్యక్రమ ప్రయోక్తగా నుండిరి. ఈ పట్టికను చదివినవాడు, “ఈయనకు కవిత్వము వ్రాయ తీరిక యెక్కడిది?” యని యడుగక మానడు. తీరిక దొరకిన పిమ్మట వ్రాయుదమని వారు కూర్చున్నచో 1932లో ‘ఫిరదౌసి’యు, 1941లో ‘గబ్బిలము’ను వెలువడి యుండెడివి కావు. ఆ రెండును వారు బడిలో పాఠములు చెప్పుచున్న కాలపు కావ్యములే. కళ కూడు పెట్టునా యను ప్రశ్నకు వారి జీవితము చెప్పు సమాధానమిది: చిరకాలము కొలువే వారికి కూడు పెట్టినది, కళ యా కొలువునకు లొంగక వారి దినమును నింపినది. రెండింటికిని చోటు గలదు. ఒకదానికొఱకు రెండవదానిని చంపుకొన నక్కఱలేదు.

దినమును నింపుట యనగా నేమి? జాషువగారి ఖండకావ్యములలో గిజిగాడు గలదు, సాలీడు గలదు, శిశువు గలదు. ఇవి యెవరి కనబడని వస్తువులు? బావిమీదికి వంగిన తుమ్మకొమ్మలకు, ఈతమట్టలకు వ్రేలాడు గిజిగాని గూళ్లను చూడని పల్లెటూరి బిడ్డ యుండడు. ఆ చిన్న పక్షి యాకులనుండి సన్నని పోగులు చీల్చి తెచ్చి, ముక్కుతో ముడివేసి, గాలికి చెదరని యిల్లల్లి, దానికి క్రిందివైపున ద్వారము పెట్టును. పిల్లలు రాళ్లు రువ్వుదురు. పెద్దలు చూడక పోవుదురు. సాలీడు పట్టునకు మన యిండ్లలో చీపురుకట్టయే గతి. కవి చేసిన సాహసమంతయు నిలిచి చూచుటయే. కనులుగల వారెల్లరు చూతురు. నిలిచి చూచువారు కొందఱే. తన వీధిలోని సాలీటిని చూడలేనివాడు హిమాలయములకు బోయినను చూచున దేమియు నుండదు.

అయితే ప్రతిదినమును పక్షులను చూచునట్టి ప్రశాంతదినము కాదు. వినుకొండలో జరిగిన యొక యవధాన సభలో జాషువగారు పద్యములు చదువగా, తక్కువ కులమువానిని సభకేల రానిచ్చితిరని కొందఱు వారి నవమానించిరి. అట్టి మాట తగిలిన హృదయమునకు సామాన్యముగా రెండే దారులు దోచును. విద్యను వదలి మౌనము వహించుట యొకటి. తిట్టునకు తిట్టిచ్చి తృప్తిపడుట రెండవది. వారు మూడవ దారి త్రొక్కిరి. తాము నేర్చిన విద్యనే తమ వేదనకు వాహనముగా జేసికొనిరి. కాళిదాసుని యక్షుడు భార్యావియోగమున మేఘమును దూతగా పంపెను. జాషువగారి నాయకు డాకలిగొన్న యస్పృశ్యుడు. అతడు తన మొఱను కాశీ విశ్వనాథునకు విన్నవింప గబ్బిలమును పంపెను. గబ్బిలమే యేల? తాను కాలుపెట్టరాని దేవాలయమున నా ప్రాణి స్వేచ్ఛగా తిరుగును గనుక! జనులు అపశకునమని రోయు జంతువునకు గల యధికారము మనుష్యునకు లేకపోయె నను సంగతిని ఇంతకంటె సూటిగా జెప్పుట యెట్లు? అవమానించిన వారి పేరులు నేడెవరికి కావలెను? కావ్యము మాత్రము నిలిచినది. ఒకే పంక్తిని చాపకూడు పెట్టించిన బ్రహ్మనాయుని కథను గర్వముగా జెప్పుకొను మనకు, ఈ కావ్యము చదువుట కర్తవ్యము కూడ నగును.

ఇచ్చట నొక పొరపాటు తలంపును తొలగింపవలెను. కష్టములే కవిని జేయునని కొందఱందురు. ఈ మాట విన నింపుగా నుండును గాని సత్యము కాదు. కష్టమే కవులను సృజించునదైనచో మన పల్లెలలో నింటికొక మహాకవి యుండవలెను. జాషువగారిని పేదఱికము కవిని జేయలేదు. పేదఱికము నెదుర్కొని వారు కవి యైరి. ‘క్రీస్తు చరిత్ర’కు 1964లో కేంద్ర సాహిత్య అకాడమి బహుమానము వచ్చినది; ఆ యేడే శాసనమండలి సభ్యత్వము లభించినది; 1970లో పద్మభూషణ బిరుదము వచ్చినది. 1971 జూలై 24న వారు కన్నుమూసిరి. ఈ గొప్ప మన్ననలు చేరునప్పటికి వారి వయస్సు డెబ్బదికి చేరువైనది. హనుమచ్ఛాస్త్రిగారి వంటి గురువు దొరకక, మూడు రూపాయల కొలువైన దొరకక, మొదటి యవమానముననే కలము జాఱవిడిచిన బాలు రెందఱో! వారి పేరులు ఏ చరిత్రయందును లేవు. మన శ్రద్ధ యంతయు వారివంటి వారికొఱకు నుండవలెను.

కనుక నా యభిప్రాయమును దాచక చెప్పెదను. పరీక్షలు సమీపింపగనే బడులలో మొట్టమొదట బలియగునవి చిత్రలేఖనపు గంటయు, సంగీతపు గంటయు, గ్రంథాలయపు గంటయు. గణితమునకు మఱియొక గంట చేరినదని తలిదండ్రులు సంతసింతురు. ఆ గంటలో నెన్ని మార్కులు పెరిగినవో లెక్కింపవచ్చును. ఎన్ని గొంతులు మూగవోయినవో లెక్కింప నెవరితరము? బాలికల విషయమింకను కష్టము. బడినుండి యింటికి బోవగనే నీళ్లు, వంట, తమ్ముని యాలన వారి వంతగును. సెలవులలో మిరపకోతలు కూడ దాపురించును. బడిలోని యా యొక్క గంటయే వారికి గల తీరిక. దానిని తీసివేయుట యనగా వారి కున్న యొక్క కిటికీని మూయుటయే. పేదపిల్లలకు కళ యేల యని యడుగుదురు. ధనవంతుల బిడ్డకు ఇంటికి వచ్చు గురువు గలడు. పేదబిడ్డకు బడి తప్ప వేఱు దిక్కు లేదు. కావున నా గంటను మిక్కిలి భద్రముగా కాపాడవలసినది మనవంటి పల్లెప్రాంతపు బడులే.

సెల్‌ఫోను సంగతియు నొకమాట చెప్పవలెను. దానిని నిందించుట నా యుద్దేశము కాదు; అందు విద్యయు గలదు, వార్తయు గలదు. కాని యితరుల సాహసములను గంటల తరబడి చూచుట, తన సాహసము నొకటి చేయుటతో సమానము కాదు. వేయి పాటలు వినుట మంచిదే. ఒక పాట పాడుట మఱియొక యానందము. నిండు జీవితము చూపునకు గాక చేతికిని, గొంతునకును, కాళ్లకును పని యిచ్చును.

ఇది కవులకు మాత్రమే చెల్లునని తలపవలదు. 1793లో జర్మనీలో పుట్టి, అమెరికానుండి 1842లో గుంటూరునకు వచ్చిన మిషనరీ హెయ్యరు దొరగారిని మన ప్రాంతమున పలువు రెఱుగుదురు. వారు నడుమ నమెరికాకు మరలి, ఏబది యేండ్లు దాటిన వయస్సున వైద్యము చదివి, 1847లో పట్టము పొంది, తిరిగి వచ్చి, 1849లో మన గురజాలలో పనికి పూనుకొనిరి. విశ్రాంతి గోరు వయస్సున విద్యార్థి యైన యా వృద్ధుని జీవితమును నిండు జీవితమే. విత్తనమును శ్రద్ధతో పరీక్షించు రైతు, క్రొత్త అల్లికను గనిపెట్టు నేతగాడు, వెనుకబడిన బాలునికొఱకు పాఠమును నూతనముగా చెప్పజూచు నుపాధ్యాయుడు, వీరెల్లరును ఆ గోష్ఠిలోని వారే.

విద్యార్థి సోదరులారా, సోదరీమణులారా! మీరు గొప్ప దినము వచ్చునని వేచియుండకుడు. దినమునకొక పుట వ్రాయుడు. ఒక చెట్టునో, పిట్టనో, ముదుసలి ముఖమునో నిలిచి చూచి బొమ్మ గీయుడు. మీ యవ్వ పాడు దంపుళ్ల పాటను ఆమె యొద్ద కూర్చుండి వ్రాసికొనుడు. అది యే గ్రంథమునను లేకపోవచ్చును. మీరు వ్రాసినదానిని చూచి యొకరు నవ్వినచో, వినుకొండ సభను తలచుకొని మఱునాడు మఱియొక పుట వ్రాయుడు. తలిదండ్రులారా, కొలువు సంపాదింపుమని బిడ్డకు తప్పక చెప్పుడు. ఆ చెప్పుటతోడనే, వాని చేతిలోని కుంచెను లాగికొనకుడు. ఉపాధ్యాయ మహాశయులారా, ఆ యొక్క గంటను పరీక్షలకు బలియీయకుడు. మన తరగతులలో వెనుకబల్లపై కూర్చుండి లెక్కలపుస్తకము చివరిపుటలో బొమ్మలు గీయు బాలు డెవడో, బాలిక యెవతెయో మనకు తెలియదు. వారి నడిగి యా పుటను చూచుట మన వంతు.