చలానా చెల్లింపవలెనా? ఎదిరింపవలెనా?

అపరాధరుసుము పన్ను కాదు. పన్నును నిరపరాధియు చెల్లించును. అపరాధరుసుమును అపరాధి మాత్రమే చెల్లింపవలెను. ఈ భేదమును ప్రభుత్వమును ప్రజలును కూడ మఱచుచున్నారని మాకు తోచుచున్నది. అతివేగమునకై వచ్చు చలానాల విషయమున మనవారి నడత చూచిన నీ సంగతి స్పష్టమగును.

చలానా అందినవారిలో మూడు తెగలు కలరు. కొందఱు తప్పు చేసితిమో లేదో విచారింపకయే, పీడ వదలునని సొమ్ము కట్టుదురు. కొందఱు తప్పు చేసియు, తగ్గింపు ప్రకటింపబడుదాక కదలరు. మఱికొందఱు తాము వేగముగ పోయినట్లు లోలోపల నెఱిగియు, కెమేరాను పోలీసులను నిందించుచు వాదమునకు దిగుదురు. ఈ మూడు త్రోవలలో నొక్కటియు మాకు సమ్మతము కాదు.

ముందుగా తప్పు చేసినవాని మాట. 2022వ సంవత్సరమున భారతదేశమున రోడ్డు ప్రమాదములందు 1,68,491 మంది మరణించిరి. కేంద్ర రవాణాశాఖవారి లెక్కప్రకారము ఆ మరణములలో నూటికి 71 అతివేగమునకు సంబంధించినవి. ఒక్క యేట నొక పట్టణమే తుడిచిపెట్టుకొని పోయినట్లు గదా! గంటకు 60 కిలోమీటర్లు పోవలసినచోట 90 పోయినవాడు, ఎవరికిని దెబ్బ తగులలేదు గనుక తాను నిర్దోషినని వాదించుట ధర్మము కాదు. దెబ్బ తగులకపోవుట వాని నేర్పు కాదు. ఎదుటివాని యాయుస్సు గట్టిది. అట్టివాడు మాఱుమాట లేక సొమ్ము చెల్లించి, వేగము తగ్గించుకొనుటయే మర్యాద.

ఇక నిరపరాధి సంగతి. ఛాయాచిత్రములోని బండి తనది కాకపోవచ్చును. తన నంబరును మఱియొకడు తగిలించుకొని తిరుగుచుండవచ్చును. ఎన్నడో అమ్మిన బండి యింకను తన పేరనే యుండవచ్చును. వేయి రూపాయలకై కోర్టు మెట్లెక్కిన నొకనాటి సంపాదన పోవును. గెలిచినవాడు ఇంటికి పోయి ఏడ్చును, ఓడినవాడు కోర్టులోనే ఏడ్చునను సామెత ఊరక పుట్టలేదు. అయినను చేయని తప్పును ఒప్పుకొనవలదనియే మా యభిప్రాయము. 1988వ సంవత్సరపు మోటారు వాహనముల చట్టము 2019లో సవరింపబడినది. అందలి 183వ సెక్షను ప్రకారము తేలిక వాహనమునకు అపరాధరుసుము 1,000 మొదలు 2,000 రూపాయలు. అదే తప్పు రెండవసారి జరిగిన లైసెన్సును స్వాధీనము చేసికొందురు. ఈసారి రూపాయలతో పోయినది మఱుసారి జీవనోపాధికే ముప్పు తేగలదు.

చట్టము పౌరుని నిస్సహాయునిగ విడువలేదు. బండి అతివేగముగ పోయెనని యొక్క సాక్షి తలచినంత మాత్రమున ఎవరిని శిక్షింపరాదనియు, ఆ తలంపునకు యంత్రపు కొలత ఆధారము కావలెననియు ఆ సెక్షనే చెప్పుచున్నది. ఆ యంత్రమునకు ఏటేట ధ్రువపత్రము పొందవలెననియు, కెమేరా యున్నదని తెలుపు పలకలు ముందుగ నాటవలెననియు 2021 ఆగస్టులో కేంద్రప్రభుత్వము నియమము చేసినది. కనుక చలానా అందగనే చిత్రము, నంబరు, స్థలము, వేళ, ఆ రోడ్డుకు విధించిన పరిమితి, ఈ యైదింటిని సరిచూడవలెను. హైదరాబాదు బాహ్యవలయ రహదారిపై 2023లో పరిమితిని 100 నుండి 120 కిలోమీటర్లకు పెంచిరి. ఆ యంకె ఊరివీధులలో చెల్లదు. పరిమితిని ఊహించి వాదించువాడు ఓడును. సరిచూచి వాదించువాడు నిలుచును.

ప్రభుత్వమువారికిని ఒక మాట చెప్పవలసియున్నది. తెలంగాణములో 2022 మార్చిలో బాకీపడిన చలానాలపై ద్విచక్రవాహనములకు నూటికి 75 వంతులు, 2023 డిసెంబరులో 80 వంతులు తగ్గించిరి. గడువులో చెల్లించినవాడు దీనివలన వెఱ్ఱివాడైనాడు, ఎగవేసినవాడు బుద్ధిమంతుడైనాడు. అంతకు మించిన కీడు మఱియొకటి కలదు. వేయి రూపాయల చలానా రెండువందలకు దిగిన పిమ్మట, నిరపరాధి న్యాయమునకై ఏల శ్రమపడును? అతడును రెండువందలు పాఱవేసి ఊరకుండును. ఖజానా నిండును గాని, ఏ యంత్రము తప్పుగ కొలిచెనో, ఏ యుద్యోగి తప్పుగ వ్రాసెనో ఎన్నటికిని బయటపడదు. సంతలో సరకువలె శిక్షకు ధర తగ్గించుట మాని, ప్రతి చలానాతో స్పష్టమైన చిత్రమును యంత్రపు ధ్రువపత్రపు వివరమును పంపవలెను. అభ్యంతరము తెలిపినవానికి, కోర్టు వఱకు పోనక్కఱలేకుండ, కారణములతో వ్రాతమూలక ప్రత్యుత్తరమీయవలెను.

పాఠకమహాశయులారా! చలానా చేతికి వచ్చినపుడు రూపాయల లెక్క తరువాత చూడుడు. ముందు మీ యంతరాత్మ నడుగుడు. తప్పు మీదైన నొక్క రూపాయి తగ్గింపునకును కాచుకొనవలదు. తప్పు మీది కానిచో నొక్క రూపాయియు నీయవలదు.