చిక్కగా ఉంటే చాలా?

ఆవకాయకి పప్పునూనే ఎందుకు పొయ్యాలో గంటసేపు వాదించే మనం, కారు ఆయిల్ దగ్గరకొచ్చేసరికి "చిక్కటిది పోయించండమ్మా, ఇంజను మన్నుతుంది" అనగానే తలూపేస్తాం. ఎందుకూ?

పాత అంబాసిడర్ ఇంజన్లో భాగాల మధ్య సందులెక్కువ. దానికి 20డబ్ల్యూ-50 లాంటి చిక్కటి ఆయిలూ, అరుగుదలని ఆపే జింకూ కావాలి. ఇప్పటి కార్లలో సందులు సన్నం. చాలా పెట్రోలు కార్లకి 0డబ్ల్యూ-20 లాంటి పల్చటిదే సరిపడేది. వాటిలో చిక్కటిది పోస్తే పొద్దున్నే స్టార్ట్ చేసినప్పుడు ఇంజను పైదాకా అందడం ఆలస్యం. పెట్రోలూ ఎక్కువ తాగుతుంది. జింకుతో పాటొచ్చే భాస్వరం ఎక్కువైతే పొగని శుద్ధిచేసే కన్వర్టర్ పాడవుతుంది.

ఆ ఖర్చు మన ఇంటిదేగా! కారులో మాన్యువల్ ఉంటుంది. అందులో ఉన్న అంకె చూపించి, ఆ డబ్బా మూత మీ ఎదుటే తీయించండి.