టైమ్‌షేర్: కొనడం తేలిక, వదిలించుకోవడం కష్టం

బహుమతి ఇస్తామని పిలిచి, గంటలకొద్దీ కూర్చోబెట్టి టైమ్‌షేర్ అంటగట్టడం కెనడాలో పాత వ్యాపారమే. మనవాళ్ల సెలవులన్నీ ఊరికి వెళ్లి రావడానికే సరిపోతాయి. ఇక రిసార్టులో ఆ వారం ఎవరికోసమో నాకు అర్థం కాదు. వెళ్లినా వెళ్లకపోయినా ఏటా మెయింటెనెన్స్ ఫీజు తప్పదు. బ్రిటిష్ కొలంబియాలోని ఫెయిర్‌మాంట్‌లో సన్‌చేజర్ విల్లాలు కొన్నవారికి 2013లో రెండే దారులు చూపారు: మరమ్మతులకు వేల డాలర్లు కట్టాలి, లేదంటే వదిలిపోవడానికీ కట్టాలి. ఎందరో ఏళ్లపాటు కోర్టుల చుట్టూ తిరిగారు. తీర్పులు చాలావరకు నిర్వాహకులకే అనుకూలంగా వచ్చాయి.

మా ఒంటారియోలో ఒప్పందం ప్రతి చేతికందాక 10 రోజుల్లోపు కారణం చెప్పకుండానే రద్దు చేసుకోవచ్చు. అమ్మేవాళ్లు ఈ మాట గట్టిగా చెప్పరు. ఈమధ్యే సంతకం చేసినవాళ్లుంటే ముందు తేదీ చూసుకోండి. రద్దు కోరుతూ ఉత్తరం పంపి, రసీదు దాచుకోండి.